ప్రాణాయామం ఇంట్లో పెట్టి రమ్మన్న గురువు

2013 జనవరిలో ఒక ఉదయం, బీజింగ్‌లోని తియాన్‌తాన్ ఉద్యానవనంలో, సైప్రస్ చెట్ల మధ్య ఇంకా సరిగా తెల్లవారని వేళ, చెట్టును కావలించుకున్నట్టు చేతులెత్తి కదలకుండా నిలబడి ఉన్న నా దగ్గరికి మా తాయ్ చీ గురువు వచ్చారు. చలి సున్నాకు పది డిగ్రీలు దిగువన ఉంది. ఆయన ఉన్ని చేతితొడుగు తీసి, అరచేతిని నా కింది పక్కటెముకల మీద ఆనించి, కాసేపు అలాగే ఉంచి, "గాలిని లోపలికి పిలిచి తలుపు గడియ పెట్టడం నీకెవరు నేర్పారు?" అని అడిగారు. మా నాన్నగారు నేర్పారని చెప్పాను. హిందూపురంలో మా డాబా మీద పదేళ్ల వయసు నుంచి పూరక, కుంభక, రేచకాలు లెక్కపెట్టుకుంటూ చేసిన అలవాటని, ఇది మా దేశపు విద్య అని, మీ విద్యకు కూడా మూలం అదేనని మావాళ్లు అంటారని, వచ్చీరాని చైనీస్‌లో కొంత గర్వంగానే చెప్పాను. ఆయన నవ్వలేదు, వాదించలేదు. "మంచి విద్యే అయి ఉంటుంది. ఇక్కడికి వచ్చేటప్పుడు దాన్ని ఇంట్లో పెట్టి రా. నువ్వు తిరిగి వెళ్లేసరికి అదెక్కడికీ పోదు" అన్నారు.

ఆ మాటలో మందలింపు కన్నా మర్యాదే ఎక్కువ ఉందని అర్థం కావడానికి నాకు దాదాపు రెండేళ్లు పట్టింది. ఉద్యోగరీత్యా ఆ నగరంలో ఆరేళ్లు ఉన్నాను. వారంలో నాలుగైదు ఉదయాలు ఆయన దగ్గర నిలబడటం, నెమ్మదిగా కదలడం, ఎదుటివారి మణికట్టుకు మణికట్టు ఆనించి తోసుకోవడం, చివరి మూడేళ్లు ఖడ్గం, వాటన్నిటి తరువాత కాసేపు ఊరికే కూర్చోవడం నేర్చుకున్నాను. నేర్చుకున్నది తక్కువే. అయితే ఎందుకు తక్కువ నేర్చుకున్నానో మాత్రం బాగా తెలుసు. పరాయి విద్య దగ్గరికి వెళ్లినప్పుడు "ఇది మన దగ్గరా ఉన్నదే" అనే మాటను మించిన అడ్డంకి ఇంకొకటి లేదని, అది చరిత్రగా చాలావరకు తప్పు కావడమే కాక, మోకాళ్లలోనూ ఊపిరిలోనూ కూడా తప్పేనని ఇక్కడ వాదించదలచుకున్నాను. ఈ వాదన మనవాళ్లలో కొందరికి రుచించదని తెలిసే రాస్తున్నాను.

ముందుగా ఈ విద్యల సంగతి. మనం తాయ్ చీ అని పిలుచుకునే తైజీ చ్వాన్, వృత్తంలో తిరుగుతూ సాధన చేసే బాగ్వా జాంగ్, సూటిగా ముందుకు దూసుకుపోయే శింగ్‌యీ చ్వాన్, ఈ మూడింటినీ కలిపి నేయ్‌జ్యా అంటారు, అంటే లోపలి శాఖ అని. ఈ మూడింటినీ ఒక గూటి కిందికి చేర్చడం అనాదిగా వస్తున్న పద్ధతేమీ కాదు, 19వ శతాబ్దం చివర బీజింగ్‌లోని కొందరు గురువులు చేసిన పని. మూడింటినీ నేర్చి, 1915 నుంచి వాటి మీద వరుసగా పుస్తకాలు రాసిన సున్ లూతాంగ్ (1860–1933) వల్ల అది స్థిరపడింది. తైజీ హెనాన్ రాష్ట్రంలోని చెన్ జ్యాగౌ అనే పల్లెలో చెన్ కుటుంబాల విద్య. అక్కడ నేర్చుకున్న యాంగ్ లూచాన్ (1799–1872) దాన్ని రాజధానికి తెచ్చాడు. అతని మనవడు యాంగ్ చెంగ్‌ఫూ (1883–1936) దానికి నేడు ఉద్యానవనాల్లో కనిపించే నిదానమైన, ఎగుడుదిగుళ్లు లేని రూపం ఇచ్చాడు. 1956లో చైనా ప్రభుత్వ క్రీడా సంఘం ఆ రూపాన్ని 24 కదలికలకు కుదించింది. ప్రపంచంలో ఎవరైనా "నాకు తాయ్ చీ వచ్చు" అంటే చాలావరకు ఆ 24 కదలికలే వచ్చని అర్థం. నాకు కూడా మొదట వచ్చినవి అవే.

మనవాళ్లకు ఈ పేర్లతోనూ తేదీలతోనూ పని లేదు. బీజింగ్ తెలుగువాళ్లం ఉగాదికి కలిసినప్పుడు, సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, నేను ఫలానాది నేర్చుకుంటున్నానని చెబితే వచ్చే మొదటి మాట ఒక్కటే: "అదంతా మన బోధిధర్ముడు పట్టుకెళ్లిందే కదా!" ఆ బౌద్ధ భిక్షువు మన దేశం నుంచి వెళ్లి షావోలిన్ ఆశ్రమంలో చైనావాళ్లకు పోరాట విద్య నేర్పాడని నమ్మకం. 2011లో వచ్చిన ఒక తమిళ డబ్బింగ్ చిత్రం పుణ్యమా అని అది ఇంకా గట్టిపడింది. బోధిధర్ముణ్ణి మొదట ప్రస్తావించిన రచన 6వ శతాబ్దం నడుమ లోయాంగ్ నగర విహారాల గురించి రాసినది. అందులో ఆయన పర్షియా నుంచి వచ్చిన వృద్ధ భిక్షువు, ఒక గోపురాన్ని చూసి ఆశ్చర్యపడి చేతులు జోడించాడు, అంతే. ఆ తరువాతి రచన దక్షిణ భారతీయుడని అంటుంది. రెండింటిలోనూ పిడికిలి ఎత్తిన ప్రసక్తి లేదు. ఆయన పేరును వ్యాయామంతో ముడిపెట్టిన పుస్తకం చివర ఉన్న తేదీ 1624. అంటే వెయ్యేళ్ల తరువాతి మాట. ఆ పుస్తకం కట్టుకథల మీద నిలబడిందని 20వ శతాబ్దంలో తాంగ్ హావ్ అనే చైనా చరిత్రకారుడే తేల్చాడు.

నవ్వు తెప్పించే విషయం ఏమిటంటే, షావోలిన్ ఆశ్రమాన్ని 5వ శతాబ్దం చివర ఒక చక్రవర్తి నిజంగానే ఒక భారతీయ భిక్షువు కోసం కట్టించాడు. చైనా గ్రంథాల్లో ఆయన పేరు బతువో. ఈ పేరు విన్న తెలుగువాణ్ణి నేనింతవరకు చూడలేదు. గర్వపడటానికి చరిత్రలో ఉన్నవాడు దొరికినా, మనకు కథలో ఉన్నవాడే కావలసి వచ్చాడు.

రెండు దేశాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు జరగలేదని నా ఉద్దేశం కాదు. 7వ శతాబ్దంలో సున్ సిమియావ్ అనే మహావైద్యుడు తన వైద్యగ్రంథంలో 18 కదలికల వ్యాయామం ఒకటి వివరించి, ఇది తియాన్‌జు దేశపు పద్ధతి, బ్రాహ్మణుల పద్ధతి అని స్పష్టంగా రాశాడు. తియాన్‌జు అంటే మనమే. అయితే క్రీస్తుపూర్వం 168లో మూసిన మావాంగ్‌దుయ్ సమాధిలో, బౌద్ధం చైనాలో అడుగుపెట్టడానికి చాలా ముందే, పట్టుబట్ట మీద 44 మంది ఆడా మగా ఒళ్లు వంచుతూ, చేతులు చాస్తూ, ఎలుగుబంటిలా, పక్షిలా కదులుతున్న బొమ్మలున్నాయి. ఇంటినిండా సరుకున్న మనిషి పొరుగింటి నుంచి ఒకటి తెచ్చుకొని, దాని మీద పొరుగింటివాడి పేరు చెరపకుండా అలాగే ఉంచాడన్నమాట. ఆ వైద్యుడి మీద నాకున్న గౌరవం ముఖ్యంగా ఆ ఒక్క వాక్యం వల్లనే.

చైనావాళ్లకు కథలు తక్కువని కూడా ఎవరూ అనుకోనక్కర్లేదు. ఊదాంగ్ కొండల మీద జాంగ్ సాన్‌ఫెంగ్ అనే తావో సిద్ధుడు పామూ పక్షీ పోరాడటం చూసి తైజీని కనిపెట్టాడని అక్కడ ప్రతి దుకాణంలోనూ చెబుతారు. లోపలి శాఖ, బయటి శాఖ అనే విభజన మొదట కనిపించేది 1669లో పండితుడు హ్వాంగ్ జోంగ్‌షీ తన మిత్రుడైన ఒక యోధుడి సమాధి కోసం రాసిన శాసనంలో. అందులో జాంగ్ సాన్‌ఫెంగ్‌కు కలలో దేవుడు పిడిగుద్దుల విద్య నేర్పాడని, తెల్లవారాక అతను ఒంటరిగా వందమందికి పైగా దొంగలను చంపాడని ఉంది. తైజీ అనే మాటే లేదు. 1644లో మంచూలు దేశాన్ని ఆక్రమించిన తరువాత, ఓడిపోయిన మింగ్ వంశానికి విధేయుడైన మనిషి రాసిన రాత అది. బయటి నుంచి వచ్చిన బౌద్ధాన్ని బయటి శాఖకు, దేశీయమైన తావో మతాన్ని లోపలి శాఖకు జతచేయడంలో రాజకీయం ఉందని చరిత్రకారులు కొందరు వాదించారు. నాకూ అది సబబుగానే తోస్తుంది. ఆ యోధుడి దగ్గర నిజంగా నేర్చుకున్నది హ్వాంగ్ గారి కొడుకు. పరీక్షల చదువులో పడి సాధన మానేశానని, ఈ విద్య తనతోనే పోతుందేమోనని అతను తరువాత వాపోయాడు. పేరు మిగిలింది, విద్య పోయింది. ఆ పేరునే రెండు వందల ఏళ్ల తరువాత వేరే విద్యలకు తొడిగారు.

ఒకరి మాటను మరొకరి మాటతో పూడ్చకూడదని పట్టుబట్టిన మనిషి ఒకడు మన పాఠ్యపుస్తకాల్లోనే ఉన్నాడు. హుయాన్‌త్సాంగ్ ఆంధ్రదేశం వచ్చి, వేంగిని చూసి, ధాన్యకటకంలో కొన్ని నెలలుండి చదువుకొని వెళ్లాడని చిన్నప్పుడు చదువుకున్నాం. తిరిగి వెళ్లాక జరిగిన సంగతి ఎవరూ చెప్పలేదు. కామరూప (నేటి అస్సాం) రాజు కోరిక మీద, తావో మతానికి మూలమైన లావోజీ గ్రంథాన్ని సంస్కృతంలోకి అనువదించమని 647లో చక్రవర్తి ఆయనకు ఆజ్ఞ ఇచ్చాడు. ఆ పనిలో సాయానికి వచ్చిన తావో పండితులు "తావో" అనే మాటకు "బోధి" అని పెట్టమన్నారు, నాగార్జునుడి మాధ్యమిక శాస్త్రంలోని మాటలతో లావోజీని వివరించబోయారు. హుయాన్‌త్సాంగ్ ఒప్పుకోలేదు. ఆ రెండు సిద్ధాంతాలూ వేరు, తావో అంటే దారి, కాబట్టి "మార్గ" అనే పెట్టాలన్నాడు. బోధి అని పెట్టి ఉంటే ఇక్కడి రాజుగారు సంతోషించేవాడు, అక్కడి తావో పండితులూ సంతోషించేవారు. అందరూ సంతోషించే అనువాదాన్ని కాదన్న ఆ మొండితనం, నాగార్జునకొండ పేరు చెప్పి అన్నిటికీ మూలం మన దగ్గరే వెదికే మనకు కొంచెం అంటి ఉంటే బాగుండేది.

నేను చేసిన మొదటి తప్పు అనువాదం "చీ" అంటే ప్రాణం అనుకోవడం. ఆ మాటను ఊళ్లో జనం ఎలా వాడుతున్నారో వినడం మొదలుపెట్టాకే దాని సంగతి తెలిసింది. వాతావరణం ఆకాశపు చీ. కోపం రావడమంటే చీ పుట్టడం. పీల్చే గాలి ఖాళీలోని చీ. మా వంటింటి గ్యాసు మీటరులో పెట్టడానికి బ్యాంకులో డబ్బు నింపుకొచ్చే కార్డు మీద ఉన్నది మండే చీ. పాత లిపిలో ఆ అక్షరానికి అడుగున బియ్యం ఉంటుంది, పైన ఆవిరి లేస్తూ ఉంటుంది. గ్యాసు కార్డు మీద ఉండే మాటను పంచప్రాణాల పట్టికలో ఇరికించి, అపానం ఎక్కడ, సమానం ఎక్కడ అని వెదికిన తెలివి నాది. మా గురువు ఆ మాటను అరుదుగా వాడేవారు. వాడినప్పుడు కూడా, "చీ పొట్ట అడుక్కి దిగనీ" అంటే రొమ్ము ఎగదన్నకుండా వదిలేయమని, బరువు అరికాళ్లకు చేరనీయమని మాత్రమే ఆయన ఉద్దేశం. నేనేమో దిగనీయడానికి బదులు లోపల బంధించేవాణ్ణి. కుంభకం పట్టి నిలబడటం వల్ల భుజాలు పైకి లేచేవి, మెడ బిగిసేది. ఒకటి రెండుసార్లు కళ్లు తిరిగి బల్ల మీద కూలబడ్డాను కూడా. దాన్ని శక్తి మేల్కొనడం అని నా డైరీలో రాసుకున్నాను!

రెండో తప్పు "సుంగ్" అనే మాట దగ్గర జరిగింది. లోపలి విద్యలన్నిటిలోనూ రోజుకు వందసార్లు వినబడే మాట అది. ఆ అక్షరంలో ఉన్నది ముడి విప్పిన జుట్టు. నేను దాన్ని శవాసనం అనుకున్నాను, అలవాటు ప్రకారం ఒళ్లంతా వదిలేశాను. ఆయన నా మోచేతిని వేలితో నొక్కి, అది తడిగుడ్డలా జారిపోతే, తల అడ్డంగా ఊపారు. ముడి విప్పిన జుట్టు వేలాడుతుంది గానీ తలనుంచి ఊడిపోదు కదా. నడినెత్తి పైకి వేలాడదీసినట్టుండాలి, దాని కింద మిగిలినదంతా తన బరువుతో తాను దిగాలి, ఏ కీలూ పూర్తిగా చాచుకోకూడదు. ఆసనాల్లో చేయి చాస్తే చివరిదాకా, కాలు చాస్తే మోకాలి చిప్ప బిగుసుకొనేదాకా చాచిన పాతికేళ్ల అలవాటు దీనికి నేరుగా అడ్డం వచ్చింది. ఒంగితే నేలదాకా ఒంగాలన్న పౌరుషంతో కదలికలను చాలా కిందికి దిగి చేస్తూ, గజ్జ దగ్గర మడవాల్సిన చోట మడవకుండా, తిరగాల్సిన నడుము తిరగకుండా, ఆ తిప్పు మొత్తం మోకాలి మీద పడేట్టు చేసుకున్నాను. మొదటి ఏడాది చివరికి కుడి మోకాలు వాచి ఆరు వారాలు మెట్లెక్కడం కష్టమైంది. మోకాలు ఎప్పుడూ కాలివేళ్లు చూసే దిక్కే చూడాలన్నది ఆయన మొదటి రోజే చెప్పిన పాఠం. వీరభద్రాసనం వచ్చినవాడికి ఇది చెప్పాలా అని నేను వినలేదు.

ఇంటి నుంచి తెచ్చుకున్నవాటిలో అక్కరకు వచ్చింది ఒకటుంది, అదీ నేను అనుకోని చోటి నుంచి. తైజీలో కదలికను పట్టుదారం తీయడంతో పోలుస్తారు. అరికాలి నుంచి నడుము మీదుగా వేలికొస దాకా మెలితిరుగుతూ పోయే బలానికి ఆ పేరే ఉంది. బీజింగ్‌లో పుట్టి పెరిగిన నా తోటి శిష్యులకు అది కవిత్వం. హిందూపురం వాణ్ణి కాబట్టి నాకు కాదు. మా మేనత్తగారి ఇంటి వెనక రేకుల షెడ్డులో రీలింగు చర్ఖా ఉండేది. మరిగే నీళ్లలో పట్టుగూళ్లు పొర్లుతుంటే, ఆమె చీపురు పుల్లల కుచ్చుతో వాటిని కదిపి, కంటికి ఆనని కొసలను పట్టి, ఏడెనిమిదింటిని కలిపి చర్ఖాకు అందించేది. ఒక్కో గూటిలో వెయ్యి మీటర్ల దాకా పోగు ఉంటుంది. చర్ఖా కాస్త ఉలిక్కిపడితే పోగు తెగుతుంది, కాస్త మందగిస్తే సడలి ముడిపడుతుంది. ఆమె చేయి వేగం పెంచినా తగ్గించినా ఎప్పుడు పెంచిందో, ఎప్పుడు తగ్గించిందో మనకు తెలిసేది కాదు. నిదానం అంటే మెల్లగా చేయడం కాదని, పోగు తెగకుండా చేయడమని, మెల్లగా చేస్తే తెగిన చోటు కనబడుతుందని, అందుకే ఆ నిదానమని నాకు అర్థమైన రోజున ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆ వెంటనే "చూశారా, ఇది మా ఊళ్లోనే ఉంది" అనబోయి నాలుక కరుచుకున్నాను. పట్టు మా ఊరికి ఎక్కడి నుంచి వచ్చిందో మన భాషే చెబుతుంది. చీని చీనాంబరాలు అని మనం ఊరికే అనం.

ఖడ్గం దగ్గరికి వచ్చేసరికి నాలో దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. వాళ్ల జ్యెన్ రెండంచుల నిటారు కత్తి. ఎడమచేత్తో తలకిందులుగా, ముంజేతి వెనక్కి ఆనించి పట్టుకొని నిలబడితే మొన చెవి పై అంచు దాకా రావాలన్నది కొలత. సాధన మొదలయ్యేది కూడా అలా ఎడమచేతిలోనే. కుడిచేయి చూపుడువేలు, మధ్యవేలు జతగా చాచి ఖాళీగా తిరుగుతుంది, ఆ తరువాతే కత్తి చేతులు మారుతుంది. నేను దాన్ని అందుకున్న తీరు మన పౌరాణిక చిత్రాల్లో కథానాయకుడు అందుకున్నట్టే ఉండేది: పిడికిలి బిగించి, భుజం నుంచి ఊపి. మా గురువు రాతిబల్ల మీద ఒక నీళ్లసీసా మూత పెట్టి, మణికట్టును కొంచెం ఎత్తి, మొనను పైనుంచి దించి ఆ మూతను తాకమన్నారు, తాకాలి గానీ కదపకూడదన్నారు. మొదటి రోజు మూత పొదల్లోకి ఎగిరిపోయింది. నెల తరువాత కూడా మూడింట రెండుసార్లు పక్కకు జరిగేది. భుజం దగ్గర వెంట్రుకవాసి బిగింపు ఉన్నా మొన దగ్గర అది బెత్తెడు వణుకై బయటపడుతుంది. పిడికి కట్టిన ఎర్రటి కుచ్చు ఇంకా నిర్దాక్షిణ్యమైనది. నడుము తిరిగి దాని వెంట కత్తి తిరిగితే కుచ్చు వెనకే సాగుతూ వస్తుంది, మణికట్టు ఒక్కటే తిరిగితే వచ్చి దాని చుట్టూ చుట్టుకుంటుంది. ఇక గురువు చెప్పేది ఏముంది? ఉత్త చేతులతో రెండేళ్లు నన్ను నేను మోసం చేసుకోగలిగాను గానీ, ఆ కుచ్చు ముందు రెండు నిమిషాలు చేసుకోలేకపోయాను. అందుకే ఖడ్గాన్ని చివర నేర్పాలన్న సంప్రదాయంతో నాకు పేచీ ఉంది. నాలాంటి తెలివిపరులకు చెక్క కత్తినైనా మొదటి ఏడాదే ఇవ్వాలి.

ధ్యానం దగ్గర నా తెలివికి డబ్బు ఖర్చయింది. మా గురువు సాధన అయ్యాక బల్ల మీద ఇరవై నిమిషాలు కూర్చునేవారు, మమ్మల్నీ కూర్చోమనేవారు. దృష్టి ఎక్కడ నిలపాలి అని అడిగితే "నిలపకు" అనేవారు. ఇందులో విద్య ఏముందని నాకు అసంతృప్తి. అసలు రహస్యం కొండల మీద ఉంటుందని తలచి, 2015 వేసవిలో ఊదాంగ్ వెళ్లి, పేరు చెప్పనవసరం లేని ఒక సంస్థలో విదేశీయుల కోసం పెట్టిన పది రోజుల అంతర్ రసవాద తరగతికి, అంటే చీని ఒంట్లోనే తిప్పే తావో ధ్యానపు తరగతికి, 6,000 యువాన్లు కట్టాను. కొండలు మాత్రం చూడదగ్గవి. మింగ్ చక్రవర్తి యోంగ్‌లె 1412లో మొదలుపెట్టించిన ఆలయాల వరుస, 1,612 మీటర్ల శిఖరం మీద బంగారు పూత పోసిన కంచు మందిరం. తరగతిలో మా శిక్షకుడు బోర్డు మీద మనిషి బొమ్మ గీసి, వెన్ను వెంట ఏడు చక్రాలు గీసి, నా వైపు తిరిగి చిరునవ్వుతో, మా సూక్ష్మ పరిభ్రమణం మీ కుండలినీ ఒక్కటే, జాంగ్ సాన్‌ఫెంగ్‌కు అందింది కూడా బోధిధర్ముడి పరంపరే అన్నాడు. నాకు కావలసిన అబద్ధాన్ని అంగట్లో పెట్టి నాకే అమ్మారు, నేను నోట్సు కూడా రాసుకున్నాను.

ఆ రెండూ ఒకటి కావు. తావో సాధకుల పద్ధతిలో చీ వెన్ను వెంట పైకి ఎక్కి, నడినెత్తి దాటి, ముఖం మీదుగా ముందువైపు దిగి, మళ్లీ పొట్ట అడుక్కి చేరుతుంది. అది చక్రం తిరిగినట్టు తిరుగుతుంది. కుండలిని మెట్టుమెట్టుగా ఎక్కి సహస్రారంలో లీనం కావాలి, తిరిగి దిగడం దాని పరమార్థం కాదు. పొట్ట అడుగున చీ చేరే ఆ చోటును దాన్‌త్యెన్ అంటారు, అంటే రసం వండే పొలం. అక్కడ దళాలు లేవు, బీజాక్షరాలు లేవు, దేవతలు లేరు. వాంగ్ చోంగ్‌యాంగ్ (1113–1170) స్థాపించిన చ్వాన్‌జెన్ అనే తావో శాఖలో బౌద్ధపు ఛాయలు ఉన్నాయి, అది నిజం. ఛాయలున్నంత మాత్రాన రెండు పటాలను ఒకదాని మీద ఒకటి పరిచి దారి వెదికితే చేరేది ఏ ఊరో ఊహించుకోవచ్చు.

బల్ల మీద ఊరికే కూర్చోవడమనే దానికి పాత పేరే ఉందని ఆ తరువాత తెలిసింది. జువాంగ్‌జీ అనే ప్రాచీన తావో గ్రంథంలో ఒక కథ ఉంది. యెన్ హ్వేయ్ అనే శిష్యుడు గురువు కన్ఫ్యూషియస్ దగ్గరికి వచ్చి తాను ముందుకు పోతున్నానంటాడు. ఎలాగంటే, దయాధర్మాలు మరిచిపోయానంటాడు. బాగుంది, ఇంకా చాలదంటాడు గురువు. ఇంకొక రోజు వచ్చి ఆచారాలు, సంగీతం మరిచిపోయానంటాడు. ఇంకా చాలదు. మూడోసారి వచ్చి, కూర్చొని మరిచిపోతున్నానంటాడు: కాళ్లూ చేతులూ జారిపోయాయి, చూపూ వినికిడీ పోయాయి, తెలివి పోయింది. అప్పుడు కన్ఫ్యూషియస్ ఉలిక్కిపడి, నేనిక నీ వెనక నడుస్తానంటాడు. 7, 8 శతాబ్దాల్లో సిమా చెంగ్‌జెన్ అనే తావో గురువు ఆ "కూర్చొని మరవడం" మీదనే ఒక గ్రంథం రాశాడు. నేను ప్రతి ఉదయం ఆ బల్ల మీద కూర్చొని గుర్తు తెచ్చుకుంటూ ఉండేవాణ్ణి: మూలాధారం, స్వాధిష్ఠానం, మణిపూరకం.

ఇంతకీ "మనదే" అనేవాళ్లు మనదాన్ని ఏం చేశారు? ఒకసారి మా గురువు "మీ ఊళ్లో కర్ర, కత్తి ఎలా తిప్పుతారు?" అని అడిగారు. నాకు చెప్పడానికి ఏమీ లేదు. మా ఊరి పీర్ల పండుగలో కర్రలు తిప్పినవాళ్లను చూశాను, పట్టు ఎలా ఉంటుందో, అడుగు ఎలా పడుతుందో చూడలేదు. అమలాపురం నుంచి వచ్చిన సహోద్యోగి ఒకతను దసరాకు తమ ఊళ్లో కర్రలూ కత్తులూ తిప్పుతూ చేసే చెడీ తాలింఖానా గురించి చెప్పాడు గానీ, అతనూ గట్టు మీద నిలబడి చూసినవాడే. ఉగాది సభలో షావోలిన్ మనదేనని గట్టిగా వాదించిన పదిమందిలో ఒక్కరైనా కర్రసాము గురువు దగ్గర ఒక్క నెల నిలబడి ఉంటారా అంటే నాకు అనుమానమే. దూరపు కొండను మనదనడానికి ఖర్చేమీ లేదు. వీధి చివర తాలింఖానాలో చేరితే మాత్రం తెల్లవారకముందే లేవాలి.

2018లో నేను తిరిగి వచ్చేయడానికి కొన్ని వారాల ముందు, ఒక ఉదయం కత్తిని సంచిలో పెడుతున్నప్పుడు, "ఆ మొదటి ఏడాది ఇంట్లో పెట్టి రమ్మన్నానే, మీ నాన్నగారి విద్య, దాన్ని రేపు తీసుకురా" అన్నారు మా గురువు. మరుసటి రోజు బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. డెబ్బై రెండేళ్ల మనిషి. ఎడమ ముక్కుతో తీసుకొని కుడి ముక్కుతో వదలడం చూపించాను. బొటనవేలు ఎక్కడ పెట్టాలి, ఉంగరపు వేలు ఎంత ఆనాలి, వెన్ను ఇలా చాలా, లేక ఇంకా నిలపాలా, కళ్లు మూయాలా అని ఒక్కొక్కటే అడిగి తెలుసుకొని చేశారు. ఇది మా ఫలానా పద్ధతిలాగే ఉందని గానీ, మా దాంట్లో అయితే ఇలా చేస్తామని గానీ ఒక్క మాట రాలేదు. పావుగంట అయ్యాక, జలుబు వల్ల ఎడమ ముక్కు సరిగా తెరుచుకోలేదని చెప్పి, రుమాలుతో తుడుచుకున్నారు. ఆ మరుసటి ఉదయం నేను చేరేసరికి ఆయన ముందే వచ్చి కూర్చున్నారు. చేతిలో చిన్న నోటుపుస్తకం ఉంది. నిన్న గాలి వదిలేటప్పుడు నేను ఆరు లెక్కపెట్టానా, ఎనిమిదా అని అడిగారు.